వాషింగ్ మెషీన్ వెనక కుక్క

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది రాజమహేంద్రవరం. అద్దె ఇంట్లో పై వాటాలో ఉంటాం. నేను, మావారు, అత్తగారు, ఎనిమిదేళ్ల బాబు. పన్నెండు రోజుల క్రితం మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఆడకుక్క పడి ఉంది. ఒంటిమీద సగం బొచ్చు లేదు. చర్మం మందంగా, నల్లగా అట్టకట్టి ఉంది. ఒకటే వాసన. చెవుల నిండా గోమార్లు. ఇద్దరు కుర్రాళ్ల సాయంతో గోనెపట్టాలో పెట్టి మేడమీదికి తెచ్చాం. ఆ రోజు వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక దూరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మేం లేనప్పుడు తింటుంది, నీళ్లు తాగుతుంది. మనిషి కనబడితే వణికిపోతుంది. వేపనూనె రాద్దామంటే గుర్రుమంటోంది. తెలిసినవాళ్లు గజ్జికి పశువుల ఇంజెక్షన్ ఒకటుంది, తెచ్చి పొడిచేయమంటున్నారు. ఆరు రోజుల క్రితం బాబు బిస్కెట్ పెట్టబోతే వేలికి పన్ను తగిలి కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాం, మానిపోయింది. గజ్జి ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందని అత్తగారి గోల. కింద ఇంటి ఓనరుగారు ముఖం మాడ్చుకుంటున్నారు. ఇంత చేసినా అది నన్ను శత్రువులాగే చూస్తోంది. మళ్లీ వీధిలో వదిలేస్తే పాపమా? దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. పేరు పెడితే ఇక వదల్లేవంటారు అత్తగారు.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా,

మీరు అడిగింది కుక్క గురించి. నేను మాత్రం బాబు వేలి దగ్గరే ఆగిపోయాను. “పసుపు పెట్టాం, మానిపోయింది” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అందుకే ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా, ఉత్తరం అందిన రోజే సంపాదకులతో మీకు ఫోను చేయించాను. ఆ సాయంత్రమే బాబుని ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదటి డోసు వేయించారని తెలిశాక మనసు కుదుటపడింది. మిగతా పాఠకుల కోసం ఆ సంగతి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

కుక్క పన్ను దిగి రక్తం వచ్చిందంటే, గాయం ఎంత చిన్నదైనా వైద్యులు దాన్ని మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన కాటుగానే లెక్కేస్తారు. వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే గడియారం చూసి పదిహేను నిమిషాలే. రేబిస్ వైరస్‌కి సబ్బు పడదు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏవీ పెట్టకూడదు. తర్వాత టీకా. మొదటి డోసు పడిన రోజుని సున్నాగా లెక్కేస్తారు. కండకు వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మూడో తరగతి కాటుకి దాంతోపాటు గాయంలోనూ చుట్టూనూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని అడ్డుకునే సిద్ధపు ప్రతిరక్షకాల ఇంజెక్షన్, వేయాలి. టీకా పనిచేయడం మొదలయ్యేలోగా కాపు కాసేది అదే. ఆరు రోజులు గడిచాయి కదా, ఇంకెందుకు అనుకోవడానికి లేదు. ఆలస్యమైనా వేయించాల్సిందే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని ఇప్పటికీ హడలిపోయేవాళ్లున్నారు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. ఇక గాయం మానడానికీ రేబిస్‌కీ సంబంధమే లేదు. పైన చర్మం అతుక్కున్నాక కూడా వైరస్ నరం పట్టుకుని నిదానంగా మెదడుకు పాకుతుంది. లక్షణాలు బయటపడ్డాక డాక్టరు చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

కరిచిన రోజు నుంచి పది రోజులు ఆ కుక్క మీ కళ్లముందు ఉండి తీరాలి. ఇప్పటికిప్పుడు వీధిలో వదలకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఈలోగా దాని గొంతు మారినా, దవడ వేలాడినా, చొంగ కారుతున్నా, నీళ్లు మింగలేకపోయినా, తూలుతున్నా, ఎదురుగా ఉన్న కర్రనో తలుపునో కొరుకుతున్నా ఎవరూ దగ్గరికి పోకుండా బాల్కనీ తలుపు వేసేసి పశువైద్యుడికి చెప్పండి. మూగ రేబిస్ అని ఒకటుంది. అందులో కుక్క అరవదు, మీద పడదు, చీకటి మూల చూసుకుని పడి ఉంటుంది. మీది కూడా మూలకే దూరింది కాబట్టి ఈ మాట చెప్పక తప్పడం లేదు. అయితే లక్షణాలు మొదలైన రేబిస్ కుక్క సాధారణంగా పది రోజులకు మించి బతకదు. మీది పన్నెండు రోజులుగా తింటోంది, తాగుతోంది. ఇది భయపు వణుకేనని నా అంచనా. నా అంచనా చూసుకుని బాబు డోసులు మాత్రం ఆపకండి. కుక్కను చూసుకునే మీరు కూడా ముందుజాగ్రత్త టీకా గురించి డాక్టరుని అడగండి.

ఇక కుక్క దగ్గరికి వద్దాం.

“శత్రువులాగే చూస్తోంది” అన్నారు. దానికి జరిగిందేమిటో దాని వైపు నుంచి ఒకసారి లెక్కపెట్టండి. ఒళ్లంతా మంట. ముగ్గురు మనుషులు మీద పడి గోనెలో చుట్టారు. పుట్టాక ఎక్కని మెట్లు ఎక్కించారు. కాళ్లు జారే టైల్స్ మీద వదిలారు. ఎటు పోయినా గోడే. దొరికిన ఒక్క చాటు వాషింగ్ మెషీన్. అదేమో రోజుకోసారి ఊగిపోతూ గర్జిస్తుంది. అయినా బయటికి రావడం లేదంటే మనిషి కంటే మెషీనే నయమనుకుంటోందన్న మాట. మీరు మంచివారని దానికి తెలిసే దారి ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి మూడు నెలల లోపు మనిషి చెయ్యి మంచిగా అలవాటు కావాలి. ఆ రోజుల్లో రాళ్లే తగిలిన కుక్క పెద్దయ్యాక చెయ్యి లేస్తే రాయనే అనుకుంటుంది. మీరు ఎత్తింది వేపనూనె గిన్నె అని దానికేం తెలుసు?

నా సర్వీసులో చాలా ఆలస్యంగా తలకెక్కిన విషయం ఒకటి చెబుతాను. భయపడే కుక్కకి వైద్యం చేసేటప్పుడు, పనిచేసే మందులు నాలుగు ఉంటే వాటిలో చెయ్యి తక్కువ పడే మందు ఎంచుకోవాలి. రోజూ పట్టుకుని నూనె రాస్తే చర్మం నెలకు నయం కావచ్చు, కుక్క మాత్రం ఇంకా లోపలికి ముడుచుకుపోతుంది. అందుచేత వేపనూనె గిన్నె ఇవాళే లోపల పెట్టేయండి. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిలు రాయమని చెప్పేవాళ్లు కూడా ఈ వారంలోనే తగులుతారు. కుక్క ఒళ్లు నాకుతుంది, రాసినదంతా కడుపులోకే పోతుంది. వాళ్లకి ఒక దణ్ణం పెట్టి పంపేయండి.

ఆ పశువుల ఇంజెక్షన్ ఐవర్‌మెక్టిన్ అయి ఉంటుంది. చెడ్డ మందేం కాదు, సరైన చేతిలో బాగా పనిచేస్తుంది. చిక్కేమిటంటే అది ఆవులకీ గేదెలకీ తగిన గాఢతలో ఉండే సీసా. మీ కుక్క బరువు ఎంతో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కంటి అంచనాతో వేసినవాణ్ణే. ఒక కుక్కకి మర్నాటికి కాళ్లు తేలిపోయాయి, చూపు ఆనక గోడలకు కొట్టుకుంది. రెండు రోజులకు తేరుకుంది గానీ ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. కొన్ని జాతి కుక్కల్లో, ముఖ్యంగా కోలీల్లో, ఈ మందును మెదడులోకి రాకుండా ఆపే జన్యువు సరిగా పనిచేయదు. వాటికి మామూలు గజ్జి మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. వీధి కుక్క పూర్వీకులెవరో మనకేం తెలుసు?

ఇప్పుడు ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ లాంటి మాత్రలు వచ్చాయి. మాంసం రుచితో ఉంటాయి. ముక్కలో పెట్టి విసిరితే తినేస్తుంది. మొదటిది ఒక్క మాత్ర వేస్తే గోమార్లకు సుమారు పన్నెండు వారాలు కాపలా, రెండోది నెలకోటి. గజ్జి పురుగుకూ పనిచేస్తాయి. చెయ్యి పడక్కర్లేదు, స్నానాలక్కర్లేదు. మూర్ఛలు వచ్చే కుక్కకి మాత్రం డాక్టరు ఆలోచించి ఇస్తారు. ఖరీదు ఎక్కువే, కాదనను. వారం వారం ఆ కుక్కను పట్టి మందునీళ్లలో ముంచి తేల్చే అవస్థతో పోలిస్తే ఆ డబ్బు నాకు దండగ అనిపించదు.

అయితే గజ్జి అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో రెండున్నాయి. మీ అత్తగారి గోలకు జవాబు ఇక్కడే ఉంది. సార్కాప్టిస్ పురుగు వల్ల వచ్చే గజ్జి విపరీతమైన దురద. చెవి అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర మొదలవుతుంది. అది అంటువ్యాధే. మనుషులకూ పాకి దద్దుర్లు తెస్తుంది. కుక్క పురుగు మన ఒంటిమీద ఎక్కువ కాలం నిలవదు, కుక్కకి నయమైతే సాధారణంగా మనదీ సర్దుకుంటుంది. రెండోది డెమోడెక్స్. దాని పురుగు పాలు తాగే రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు వస్తుంది, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు చెలరేగుతుంది. అది మనిషికి రాదు. చూపుతో ఈ రెంటినీ విడదీయడం నావల్ల కూడా కాదు. చర్మం గీరి మైక్రోస్కోపు కింద చూడాలి. కాబట్టి అత్తగారి మాట సగం నిజం కావచ్చు. ఆవిడని కోప్పడకండి. పరీక్ష తేలేదాకా దాని గుడ్డలు విడిగా వేడినీళ్లలో ఉతకండి, చేతులు కడుక్కోండి, బాబుని బాల్కనీలోకి పోనివ్వకండి.

మీరు గోమార్లు అని రాసిన దగ్గర నాకు గజ్జి కంటే ఎక్కువ గుబులు పుట్టింది. కుక్క గోమారి రక్తం తాగి ఊరుకోదు. ఎర్లీషియా, బబీసియా అనే జబ్బుల్ని ఎక్కిస్తుంది. అందరూ టిక్ ఫీవర్ అనేది వాటినే. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తం తరుగుతుంది. చిగుళ్లు చూడాలంటే మూతి పట్టుకోవాలి, మీకది కుదిరే పని కాదు. అది ఆవులించినప్పుడు దూరం నుంచే నాలుక చూడండి. గులాబీ రంగు ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లబడితే, ముక్కులోంచి రక్తం వస్తే, మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంటే ఆ రోజే ఆస్పత్రి, మర్నాడు కాదు. ఎర్లీషియాకి సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడతారు. పది రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, అందరూ అక్కడితో ఆపేస్తారు, మళ్లీ తిరగబెడుతుంది. ఇంకో చిన్న సంగతి. ఆ మాత్రను పెరుగన్నంలో కలపకండి. పాలలో, పెరుగులో ఉండే కాల్షియం మందుని పట్టేసి దాని పని తగ్గిస్తుంది. ఉడికిన కోడి కాలేయంలోనో గుడ్డులోనో పెట్టండి. వరసగా మూడు ఉండలు విసరాలి, మధ్యదాంట్లో మాత్ర. మూడో ఉండ మీద ఆశతో రెండోది నమలకుండా మింగేస్తుంది. మాత్ర వెనక నీళ్లో కాస్త తిండో లోపలికి పోవాలి, ఉత్త మాత్ర గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. పూటకు తినే గిన్నెలో మాత్రం ఎప్పుడూ మందు కలపకండి. ఒక్కసారి చేదు తగిలితే ఆ గిన్నెనే నమ్మడం మానేస్తుంది.

ఇవన్నీ తేలాలంటే రక్తం తీయాలి, చర్మం గీరాలి, తూకం వేయాలి. అందుకని ఆస్పత్రికి పదిసార్లు తిప్పకుండా ఒకే విడతలో అన్నీ అయ్యేలా చూడమని డాక్టరుని అడగండి. బయల్దేరే ముందు ఇంట్లోనే తిండిలో పెట్టడానికి గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటి శాంతపరిచే మాత్రలు రాసిస్తారు. అక్కడ అవసరమైతే మత్తు. రక్తహీనత ఉంటే మత్తు ఎంతవరకు ఇవ్వొచ్చో ఆయనే తేలుస్తారు. మత్తులో ఉండగానే తూకం, రక్తం, చర్మం, మిగిలిన గోమార్లు ఏరడం, గోళ్లు, చెవులు అన్నీ కానిచ్చేయొచ్చు. ఆడకుక్క కాబట్టి ఇంకొకటి తప్పక చూడమనండి. జననాంగం దగ్గర రక్తపు చుక్కలు పడుతుంటే, కోడిజుట్టు లాంటి గడ్డ ఉంటే అది వీధి కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి వచ్చే కణితి. పేరు విని బెదిరిపోకండి. వారానికోటి చొప్పున నాలుగైదు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు కరిగిపోతుంది. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒంట్లో సత్తువ వచ్చాకే. రేబిస్ టీకా ఎప్పుడన్నది మాత్రం డాక్టరు మొదటి రోజే చెప్పాలి, అడగండి. మీ ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాలతో మొదలుపెట్టండి. హైదరాబాద్ పాఠకులకు 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, విశాఖవాళ్లకు అలాంటిదే వి.ఎస్.పి.సి.ఏ. ఉంది. అలాంటి చోట్ల ఎప్పుడూ రద్దీయే, కుక్కను అక్కడ దింపేసి రావచ్చని మాత్రం పోకండి.

తిండి సంగతి క్లుప్తంగా. తిండిలేక బాగా మాడిన కుక్కకి తెచ్చిన రోజునే కడుపునిండా పెడితే రక్తంలో లవణాలు ఒక్కసారి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీరు పన్నెండు రోజులు దాటించారు, ఆ గండం గడిచినట్టే. ఇప్పుడు రోజుకు మూడు నాలుగు పూటలు కొంచెం కొంచెంగా అన్నం, ఎముక తీసిన ఉడికిన కోడి, గుడ్డు, కాస్త గుమ్మడి పెట్టండి. ముల్లు లేకుండా తీయగలిగితే గోదారి చేప కూడా. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి దాని రక్తకణాల్ని విరగ్గొడతాయి. అసలే రక్తం లేని కుక్క. ఉడికించిన ఎముకలు వద్దు. మనుషుల నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వద్దు.

ఇప్పుడు అసలు పని, ఏమీ చేయకపోవడం. మా ఆడపడుచులు దీన్ని ఒప్పుకోరు, ప్రేమ ఉంటే ఒళ్లో పెట్టుకోవాలంటారు. మా ఇంట్లో ఏం జరిగిందో వినండి.

ఏళ్ల క్రితం బస్టాండు వెనక దొరికిన ఒక ఎర్ర కుక్కని ఇంటికి తెచ్చాను. అదీ ఇలాగే బియ్యం డబ్బా వెనక దూరింది. నేను డాక్టరుని కదా, రోజూ సాయంత్రం దాని ముందు గొంతుక్కూర్చుని, కళ్లలోకి చూస్తూ, మాంసం ముక్క చేతిలో పెట్టుకుని బతిమాలేవాణ్ణి. అది మెడ సాగదీసి ముక్క అందుకునేది. అందుకోగానే నేను ఎంత దగ్గరున్నానో తెలిసొచ్చి గుండె ఆగినంత పనై వెనక్కి దూకేది. రెండు వారాలు ఇదే తంతు. మా ఆవిడకి కుక్కలంటే పడదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం అదే గదిలో కుక్కకు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. దాని వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. ఓ రోజు నేను ఇంటికొచ్చేసరికి కుక్క ఆవిడ చీర కొంగు అంచు మీద మూతి ఆన్చి పడుకుని ఉంది. ఆవిడ కదిలితే లేస్తుందేమోనని పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే కూర్చుంది. ముప్ఫై ఏళ్ల పశువైద్యం ఆ పూట నాకు ఎంత అక్కరకొచ్చిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది.

బాబు విషయంలోనూ జరిగింది అదే. చేతిలో బిస్కెట్ చూపిస్తే ఆకలి దాన్ని ముందుకు లాగింది, దగ్గరికి వచ్చాక భయం పట్టుకుంది. వెనక గోడ, పక్కన మెషీన్, ముందు చెయ్యి. పన్ను వేసింది. తప్పు బాబుది కాదు, కుక్కదీ కాదు. చేత్తో పెట్టడం ప్రేమ అనుకుంటాం, భయపడే కుక్కకి అది ఎర. కాబట్టి విసరండి. దాని ముందు కాదు, దాని వెనక్కి పడేలా విసరండి. ముక్క కోసం అది మీ నుంచి దూరం పోతుంది, ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత తనంతట తానే నాలుగు అడుగులు మీ వైపు వేసి చూస్తుంది. మళ్లీ దూరంగా విసరండి. మీ వైపు వచ్చే అడుగు ప్రతిసారీ దాని నిర్ణయమే కావాలి.

దానికి ముందు దాక్కునే చోటు మార్చాలి. మెషీన్ వెనక నుంచి లాగి కాదు. బాల్కనీలో రెండో మూలన ఒక పాత బల్ల వేసి మూడు వైపులా దుప్పటి వేలాడదీయండి, కింద గోనెసంచి పరవండి. దాని తిండి గిన్నెను రోజుకో జానెడు చొప్పున అటు జరపండి. ఈ నెల్లాళ్లూ వీలైతే బట్టలు చేత్తో ఉతకండి. కష్టమే, తెలుసు. మీవారికి కూడా రెండు చేతులున్నాయని గుర్తు చేయండి. టైల్స్ మీద పాత పట్టాలు వేయండి, కాలు నిలదొక్కుకుంటే సగం భయం తగ్గుతుంది. ఒక తొట్టిలో వీధిలోని ఇసుకే తెచ్చి పోయండి. వీధి కుక్క మట్టి మీద తప్ప పోదు, ఇల్లు పాడుచేస్తోందని తిట్టే అవసరం రాదు.

రోజుకు రెండుసార్లు, ఒకే వేళకి, పావుగంట అక్కడ కూర్చోండి. పక్కకు తిరిగి, కింద కూర్చుని, కళ్లు కలపకుండా. మీద వంగకండి. పేపరు పైకి చదవండి, కూరగాయలు తరగండి. మధ్యమధ్య ఒక ముక్క విసరండి. లేచి వచ్చేయండి. ఈ పనికి మీ ఇంట్లో అందరికంటే తగినవారు ఎవరో చెప్పనా? మీ అత్తగారు. ఆవిడ దాన్ని పట్టించుకోరు, దానికి కావలసిందీ అదే. గజ్జి పరీక్ష తేలాక ఆవిడ జపమాల పట్టుకుని ఆ బాల్కనీ గుమ్మంలో కూర్చుంటే చాలు.

అది ఎలా ఉందో దాని ఒళ్లే చెబుతుంది. ఆకలి లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర లేకుండా ఆవులించడం, ముఖం తిప్పేసి కంటి తెల్లగుడ్డు చూపిస్తూ ఓరగా చూడటం, ముందు కాలొకటి ఎత్తి ఆగడం, ఉన్నపళంగా బిగుసుకుపోవడం, ఇవన్నీ “చాలు, వెళ్లు” అనే మాటలు. ఇంకా జరిగితే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు ఎప్పుడూ కొట్టకండి, అరవకండి. ఆ చప్పుడు మానిపిస్తే భయం పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. తర్వాత నేరుగా కరుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెత పుట్టించినవాడు మా ఆస్పత్రిలో ఒక్క పూట కూడా పనిచేసి ఉండడు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినా అన్నిసార్లూ నిమరమని కాదు. తోక కాళ్ల మధ్య ఉంటే “నన్ను వదిలెయ్” అనే.

మంచి గుర్తులు చిన్నవిగా వస్తాయి, చూడకపోతే తప్పిపోతాయి. మీరు గదిలో ఉండగా తినడం. మీరు ఉండగా ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకోవడం. ముడుచుకోకుండా పక్కకు వాలి కాళ్లు చాపి నిద్రపోవడం. ఇది కనిపించిన రోజు మీ ఇంట్లో పాయసం వండుకోవచ్చు. తర్వాత మీకు వీపు పెట్టి కూర్చోవడం, అంటే మీ వైపు కాపలా అక్కర్లేదనుకుందన్న మాట. చర్మం కూడా ఇదే నడక నడుస్తుంది. మందు పడిన నెలకి నలుపు విడిచి పలచని నూగు వస్తుంది. దురద తగ్గాక, నిద్ర పట్టాక భయంలో కొంత దానంతట అదే దిగుతుంది. ఒళ్లు మండే ప్రాణికి ఓర్పు ఎక్కడిది? రెండు నెలలైనా తిండి మానేసి వణుకుతూనే ఉంటే భయానికి కూడా రోజువారీ మందులున్నాయి, ఫ్లూఒక్సెటిన్ లాంటివి. డాక్టరుతో మాట్లాడండి, అందులో ఓటమి ఏమీ లేదు.

మొదటి రెండు నెలలూ తలుపులు జాగ్రత్త. ఇలాంటి కుక్క పారిపోతే పిలిస్తే రాదు, మీ చేతికి చిక్కదు. బాల్కనీ గ్రిల్‌కి సందు ఉంటే చీర కట్టండి. ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీకి ఒకటి, ఛాతీపట్టీకి ఒకటి, రెండు తాళ్లు. పట్టీ మీద మీ ఫోన్ నంబరు. గొలుసుతో మాత్రం కట్టకండి. బాణసంచా, డప్పుల పండగ దగ్గరికొస్తుంటే వారం ముందే డాక్టరుకి చెప్పండి.

“మళ్లీ వదిలేస్తే పాపమా” అన్నారు. ఇప్పుడు వదిలితే మందు మధ్యలో ఆగిపోతుంది. పైగా రెండు వారాలు కనబడని కుక్కని, ఒళ్లు బాగాలేని కుక్కని ఆ వీధిలో మిగతావి రానివ్వవు. కరిచిన కుక్క అన్న పేరు ఎలాగూ ఉంది. నయమయ్యాక, ఆపరేషన్, టీకా అయ్యాక ఏం చేయాలన్నది వేరే లెక్క. నన్నడిగితే, వీధిలో పుట్టి పెరిగిన పెద్ద కుక్క నెలలు గడిచినా గోడల మధ్య ఊపిరాడనట్టే ఉంటే, దాన్ని దాని వీధిలోనే విడిచి చూసుకోవడం ద్రోహమేం కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ఆపరేషన్ చేసిన కుక్కను తెచ్చిన చోటే వదలమంటాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు దాన్ని మళ్లీ ఖాయం చేసింది, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి. తిండి పెట్టడం ఎక్కడపడితే అక్కడ కాకుండా మునిసిపాలిటీ చూపించిన చోటే అంది. దరఖాస్తు పెట్టి దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకూడదని కూడా అంది. కాబట్టి కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఓనరుగారికి మాత్రం దాచకండి. పరీక్ష రిపోర్టు, టీకా కార్డు చేతిలో పెట్టి మూడు నెలలు గడువు అడగండి. వాసన పోయాక సగం గొడవ పోతుంది.

పేరు సంగతి. మీ అత్తగారితో నాకు ఇక్కడ ఒక్కచోటే పేచీ. పేరు పెట్టండి. రెండక్షరాల్లో, బాబు చేత పెట్టించండి, గ్రిల్‌కి ఇవతల నుంచే. కానీ ఆ పేరు ముక్క విసిరేటప్పుడే పలకాలి. మందు వేసేటప్పుడు, తాడు వేసేటప్పుడు, అరిచేటప్పుడు నోట రాకూడదు. రెండు వారాల్లో ఆ పేరు వినగానే దాని చెవి కదులుతుంది. మా ఎర్ర కుక్కకి మంగ అని పేరు పెట్టింది మా ఆవిడే. ఆవిడ పిలిస్తే పరిగెత్తుకొస్తుంది. నేను పిలిస్తే మాత్రం, ఇన్నేళ్లయినా, ఒక్క క్షణం నా చేతుల వంక చూసి అప్పుడు వస్తుంది.